తేనెకు ఆవకాయ పరీక్ష

సూరత్ మగ్గాల దగ్గర పనిచేసే తెలుగువాళ్లకు ఆవకాయ పట్టి అమ్మే నాకే గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ మూడో వారానికి నోరంతా పుండ్లు. డాక్టరు సరేనన్నాక, నా భార్య రోజూ చెంచాడు తేనె నోట్లో కాసేపు ఉంచుకుని మింగమనేది. బుద్ధిమంతుడిలా మింగేవాణ్ణి. అది పనిచేస్తోందో లేదో చూద్దామని, తర్వాత దొంగచాటుగా ఆవకాయ నాకేవాణ్ణి. కళ్లమ్మట నీళ్లు కారితే తేనెను తిట్టేవాణ్ణి.

"మందును గిట్ల పరీక్ష చేస్తరా ఎవరన్నా?" అంటూ ఆమె జాడీ దాచేసింది.

చికిత్స అయిపోయిన నెలకు తనే అన్నంలో కాస్త ఆవకాయ కలిపి పెట్టింది. మంటే లేదు! గెలిచినట్టు నవ్వాను.

"ఉప్పు లేదు, కారం లేదు. ఎక్కడ కొన్నవ్ దీన్ని?"

ఆమె వేలితో తీసి నాకి చూసింది.

"మీరు పట్టిందే. మంచిగనే ఉన్నది," అంది మెల్లగా.