విరిగిన స్టడ్లు, నోట్లో బెల్లం

నా చిన్నప్పుడు మా నాన్నకీ పెదనాన్నకీ మాటల్లేవు. నూజివీడు పక్కన మాకున్న మామిడి తోట పంచుకున్నారు, ఇంటికి నడిమధ్య గోడ కట్టుకుని ఇల్లు పంచుకున్నారు. కన్నతల్లిని, అంటే మా నాయనమ్మని కూడా ఒక నెల ఇటూ ఒక నెల అటూ పంచుకున్నారు. పంచడానికి వీల్లేక ఒక్క మోటారు సైకిలు మిగిలిపోయింది. దాన్ని ఒకరోజు మా నాన్నా, ఒకరోజు పెదనాన్నా వాడుకునేవారు.

ఇద్దరి మధ్యా మాటలు మోసే పని నాది. ఎదురెదురుగా నిలబడి, ఒకరి దగ్గు ఒకరికి వినపడేంత దగ్గర్లో ఉండి కూడా, "మీ పెదనాన్నకి చెప్పవే" అని ఈయనా, "మీ నాన్నకి చెప్పు" అని ఆయనా. మోసిన మాట నచ్చకపోతే మొట్టికాయ మాత్రం నా నెత్తినే పడేది. ఆ ఇద్దరి మొహాలూ చూడాలంటేనే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే ప్రేమేమీ పొంగుకు రాదు.

బండి సైలెన్సరు ఇంజను దగ్గర రెండు స్టడ్ల మీద, అంటే మరలున్న ఇనప కడ్డీల మీద, నట్లతో బిగించి ఉండేది. తోట దారి గతుకులకి అది వదులై గలగలలాడుతుండేది. బండి చేతికి రాగానే మా నాన్న, అన్న కావాలనే వదులుగా వదిలేశాడని తిట్టుకుంటూ పానా పెట్టి ఒక పట్టు బిగించేవాడు. మర్నాడు పెదనాన్న తమ్ముణ్ణి తిట్టుకుంటూ ఇంకో పట్టు బిగించేవాడు. నిజానికి అరిగిపోయింది లోపలి వాషరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ అది మారిస్తే రెండోవాడికి ఊడిగం చేసినట్టవుతుందని ఇద్దరికీ పంతం. వాళ్ళ కోపమంతా ఆ రెండు స్టడ్లు భరించాయి.

ఒక ఏడాది కాయ కోతకొచ్చిన సమయం. ఒకనాడు పొద్దున్నే పడమట నల్లగా మబ్బు పట్టింది. గాలివాన కొడితే కాయంతా నేలపాలు, రాలి దెబ్బతిన్న కాయని ఏ షావుకారూ ముట్టుకోడు. రెండిళ్ళ ఏడాది తిండీ ఆ కొమ్మల మీదే ఉంది. రెడ్డిగూడెం వెళ్ళి ముఠా మేస్త్రికి చెబితే ట్రాక్టరు మీద మనుషుల్ని తెచ్చి కాయ కోయిస్తాడు. బస్సు సాయంత్రం గానీ లేదు. ఆ రోజు బండి వంతు మాది. మా నాన్న బయల్దేరబోతూ అలవాటు కొద్దీ పానా పెట్టి బిగించాడు. ఒక స్టడ్డు టప్పున విరిగింది. ఆ కోపం రెండోదాని మీద చూపిస్తే అదీ విరిగింది. సైలెన్సరు కింద పడింది. అది లేకుండానే నడుపుకుపోదామని చూశాడు గానీ, మంట కాలి మీదికి కొట్టి పంచె అంచు కాలింది. వీధి చివరి నుంచి బండి తోసుకుంటూ వెనక్కొచ్చాడు.

ఇంజనులో ఇరుక్కుపోయిన స్టడ్ల ముక్కలు తీసే పని ఒక్కడి వల్ల కాదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, శుభ్రంగా తుడిచి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. తర్వాత ఒకడు మంట చిమ్మే బ్లోలాంపుతో ఇంజనుని వేడి చేస్తుంటే, అది కాగిన క్షణాన రెండోవాడు ముక్కని పైపు పానాతో పట్టి తిప్పాలి. వాళ్ళ నాన్న ఇద్దరికీ ఆయిలింజను దగ్గర నేర్పిన విద్యే అది. మబ్బుని చూసి పెదనాన్న తనంతట తనే గోడ దాటి వచ్చాడు. మంట ఆయన పట్టాడు, పానా మా నాన్న పట్టాడు, మధ్యలో నన్ను నిలబెట్టారు.

"కాగింది, తిప్పమని చెప్పవే" అంటాడు పెదనాన్న. నేను చెప్పి, మా నాన్న పానా బిగించేలోగా వేడి దిగిపోతుంది. పానా జారి మా నాన్న వేళ్ళు చీరుకుపోయాయి. "మంట సరిగ్గా పట్టమని చెప్పు ఆ పెద్దమనిషికి" అని నా మీద అరిచాడు. చెబితే పెదనాన్న నన్ను మొట్టాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. అవతల గాలి మొదలైంది.

అప్పటిదాకా వసారాలో కూర్చుని చూస్తున్న నాయనమ్మ లేచి లోపలికెళ్ళింది. నా నోట్లో పట్టనంత బెల్లం గడ్డ తెచ్చి కుక్కింది. "అది కరిగిందాకా నోరు తెరిచావంటే చెంప పగులుద్ది" అంది. కొడుకుల వంక కన్నెత్తి అయినా చూడకుండా వెళ్ళి మళ్ళీ కూర్చుంది.

పెదనాన్న నావైపు చూశాడు, మా నాన్నా చూశాడు. బుగ్గలు ఉబ్బించుకుని, చొంగ కార్చుకుంటూ నిలబడ్డాను నేను. ఇంజను కాగుతోంది. కాగిన వేడి ఎవరి పంతం కోసమూ ఆగదు.

"తిప్పరా, చూస్తావేంటి!" అన్నాడు పెదనాన్న.

"నువ్వు మంట పక్కకి జరుపు ముందు!"

"ముందు బిగింపు వైపుకి కాస్త తిప్పి, తర్వాత వెనక్కి తిప్పు. నాన్న చెప్పింది మర్చిపోయావా?"

"గోడ కట్టేటప్పుడు నీకు గుర్తొచ్చాడా నాన్న?"

ఇక మొదలైంది. గోడ, బోరు నీళ్ళు, గట్టు మీది చెట్టు, అన్నీ బయటికొచ్చాయి. నా చేత చెప్పించడానికి కూడా సిగ్గుపడే మాటలు అనుకున్నారు. ఆ తిట్ల మధ్యనే మొదటి ముక్క కిర్రుమని కదిలింది, తర్వాత రెండోదీ వచ్చింది. మా నాన్నకి దక్కకూడదని పెదనాన్న ఎప్పుడో కొని దాచుకున్న కొత్త స్టడ్లూ, వాషరూ ఇంట్లోంచి తెచ్చి ఆయన ముందు విసిరికొట్టాడు. మా నాన్న వాటిని బిగించుకుని రెడ్డిగూడెం వెళ్ళాడు. గాలి ముదిరేలోగా రెండు తోటల్లోనూ చాలావరకూ కాయ దిగింది.

వాళ్ళు కలిసిపోయారని చెప్పను. గోడ అలాగే ఉంది, పోయేదాకా తిట్టుకుంటూనే ఉన్నారు. కాకపోతే ఎవరి నోటితో వాళ్ళు తిట్టుకున్నారు. నా నోరు నాకు మిగిలింది.

మొన్నామధ్య మా అబ్బాయీ కోడలూ ఏదో పంతానికి పోయి మాటలు మానేశారు. మా మనవరాలు వంటింట్లోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటింట్లోకీ తిరుగుతోంది. "నాన్నా, అమ్మ నిన్ను అడగమంది" అంటోంది. నా పక్క నుంచి పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. బెల్లం డబ్బా మూత తీసి, అందులో అన్నిటికన్నా పెద్ద గడ్డ వెతికి, నోరు తెరవవే తల్లీ అన్నాను.