కిగ్గుండు గారి మూసే బ్రాకెట్టు

తెరిచిన బ్రాకెట్టు మూయనిదే ఎరాస్మస్ కిగ్గుండు గారు కన్ను కూడా మూయరని మా ఆఫీసులో చెప్పుకునేవాళ్ళం.

కంపాలాలో ఓ టైర్ల దుకాణం పైన మా ఆఫీసు. ఆసుపత్రుల కోసం ప్రోగ్రాం రాసేవాళ్ళం. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ళలో ఇవాళ ఎవరు రావాలి, నిన్న ఎవరు రాలేదు అని నర్సుకు చెప్పే ప్రోగ్రాం అది. మాత్రలు తప్పుతూ ఉంటే ఆ మందు ఆ మనిషికి ఇక పనిచేయకుండా పోవచ్చు. కాబట్టి మా పనిలో నవ్వులాట తక్కువ. ఉన్న కాస్తా కిగ్గుండు గారి పుణ్యమే.

ఆయన సిద్ధాంతం ఒకటే. ప్రోగ్రాంలో ఏ ముక్కా తనకు కావలసింది తానే వెళ్ళి తెచ్చుకోకూడదు. ఏం కావాలో చెప్పి ఊరుకోవాలి, బయటినుంచి ఎవరో తెచ్చి అందించాలి. దీన్ని మా వాళ్ళు డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. ఎవరికి ఏది అందాలో రాసిపెట్టే చోటు ఎక్స్ఎంఎల్ ఫైలు. అందులో ప్రతి మాటనూ బ్రాకెట్లలో పెట్టి తెరవాలి, మళ్ళీ అదే మాటతో మూయాలి. లోకమంతా ఆ ఫైళ్ళకు దణ్ణం పెట్టి, కోడ్‌లోనే చిన్న గుర్తులు పెట్టుకుని హాయిగా ఉంటే, ఈయన మాత్రం పదకొండు వేల వరసల ఎక్స్ఎంఎల్ రాసుకుంటూ కూర్చున్నారు.

రాయడంతో ఆగితే బాగుండేది. పొద్దున్నే గుమ్మంలో నిలబడి "కిగ్గుండు మొదలు" అనేవారు, సాయంత్రం అదే గుమ్మంలో "కిగ్గుండు ముగింపు" అనేవారు. మధ్యాహ్నం రోలెక్స్‌కి, అంటే గుడ్డట్టు పెట్టి చుట్టిన చపాతీకి, చీటీ రాసి పంపేవారు: రోలెక్స్ మొదలు, గుడ్లు రెండు, టమాటా ఉంది, ఉల్లి లేదు, రోలెక్స్ ముగింపు. ఓసారి చపాతీలవాడు మెట్లెక్కి వచ్చి, "పెద్దాయనా, ముగింపుని లోపల పెట్టి చుట్టాలా, పైన చల్లాలా?" అని అడిగి వెళ్ళాడు. టీ మాత్రం ఎప్పుడూ అడిగేవారు కాదు. ఖాళీ కప్పు బల్ల అంచున పెట్టి, అందించేవాళ్ళ కోసం ఎదురుచూసేవారు. అందించేది ఎప్పుడూ నేనే.

ఉత్తరాన, కిట్గుమ్ పట్నం దాటాక ఉన్న ఓ మిషన్ ఆసుపత్రికి నేర్పడానికి వెళ్ళినప్పుడు, "ఇవాళ మీకు ఇంజెక్షన్ నేర్పిస్తాను" అని మొదలుపెట్టారట. పాతికేళ్ళుగా సూదులు పొడుస్తున్న సిస్టర్ లమ్వకా ఆయన్ని ఎగాదిగా చూసి, ట్రేలో సిరంజి తెచ్చి ఎదురుగా పెట్టి, "ఏదీ, పొడిచి చూపించు" అందట. ఈయన చొక్కా చేతులు మణికట్టుదాకా లాక్కుని గోడకు అంటుకుపోయారట. పూటలో అయ్యే పనికి నాలుగు రోజులుండి వచ్చారు. ఏం చేశారని అడిగితే, బ్రాకెట్లు నేర్పానన్నారు. నర్సుకు బ్రాకెట్లెందుకని ఆఫీసంతా పడీ పడీ నవ్వింది.

నేను నవ్వలేదు, మండిపడ్డాను. జట్టుకు పెద్దను నేనే కదా. ఆ ఫైళ్ళ నిండా నాకు అర్థంకాని రాతలు, వరసల కొద్దీ. చెత్త అనుకున్నాను.

"కోడ్‌లో గుర్తు పెడితే ఒక్క మాటతో పోతుంది కదండీ" అన్నాను.

"కోడ్‌లో పెడితే అది నువ్వు మాత్రమే మార్చగలవు, నకిత్తో. ఫైల్లో పెడితే ఎవరైనా మారుస్తారు."

"ఎవరైనా అంటే ఎవరు?"

"ఎవరో ఒకరు" అని కప్పు బల్ల అంచుకు జరిపారు.

ఇంతలో విదేశంనుంచి మమ్మల్ని నడిపిస్తున్న సంస్థ ఉత్తరం రాసింది. ఒకరిని తీసెయ్యాలి, పేరు చెప్పమంది. నేను ఆయన పేరు రాశాను. కారణం: పదకొండు వేల వరసలు. ఆ రాసిన చేతిని ఇప్పటికీ నేను క్షమించలేదు. ఆయన ఆ రోజంతా ఏదో రాసుకుని, తన ఫైళ్ళను ఆఖరిసారి అన్ని ఆసుపత్రులకూ పంపి, గుమ్మంలో "కిగ్గుండు ముగింపు" అని మెట్లు దిగారు. ఆ మాటకు ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నేను ఆయన ఫైళ్ళన్నీ పీకేసి ప్రోగ్రాంను కొత్తగా రాశాను. మనిషి వెళ్ళి ఎక్కించాల్సిన పని అది; మూడు ఆసుపత్రులకు చేరింది. వానలకు దారి తెగి కిట్గుమ్ వైపు చేరలేదు. అప్పుడు వచ్చింది రెండో ఉత్తరం: పథకం రద్దు, శుక్రవారం నుంచి తమ దేశంలోని సర్వర్ ఆపేస్తారు. పేర్లన్నీ వచ్చేది అక్కడినుంచే. శుక్రవారం నా కొత్త ప్రోగ్రాం ఉన్న మూడు చోట్లా తెర ఖాళీ అయింది. ఎవరు మాత్రలకు రావాలో, ఎవరు తప్పారో చెప్పే దిక్కు లేదు. మార్చాలంటే మళ్ళీ రాయాలి. రాసేందుకు ఆఫీసే లేదు.

కిట్గుమ్ వైపు ఫోన్ కలవలేదు. అప్పటికి దారి బాగుపడింది, కనీసం మొహం చూపించి చెబుదామని బస్సెక్కాను. అక్కడ మందులు వాడేవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. దారి పొడుగునా ఆ అంకె నన్ను తింటూనే ఉంది.

వెళ్ళేసరికి వరండాలో జనం మామూలుగా కూర్చుని ఉన్నారు. సిస్టర్ లమ్వకా తెర చూసి పేర్లు పిలుస్తోంది.

సర్వర్ ఆగిపోయింది కదా అన్నాను.

"ఆగింది. శుక్రవారం పొద్దున. మేం మార్చుకున్నాం" అని ఫైలు తెరిచింది. నేను చెత్త అనుకున్న రాతలు ఆచోలీ, ఆ ప్రాంతంవాళ్ళ భాష. నాకు రాదు. ఆ నాలుగు రోజుల్లో కిగ్గుండు గారు వచ్చీరానట్టు నేర్చుకుని రాశారు. సిస్టర్ చదివి వినిపించింది.

"అక్కా, బయటి లైను చచ్చిపోతే భయపడకు. ఈ వరసకు ముందూ వెనకా నేను నేర్పిన బ్రాకెట్ల మూత పెట్టు, ప్రోగ్రాం ఇక దాన్ని చదవదు. కింది వరసకు మూత తియ్యి. అప్పుడు పేర్లు మీ గదిలో ఉన్న కంప్యూటర్ పెట్టెలోంచే వస్తాయి, అందులో రోజూ ఒక కాపీ పడేట్టు పెట్టాను. చెడిపోతే తప్పు నాది. ఫోన్ చెయ్యి."

ఫోన్ చేశారా అని అడిగాను.

"ఎందుకు? ప్రోగ్రాం చెడిపోలేదుగా. ఆయన ఆచోలీ చెడిపోయింది, అది నేను దిద్దాను."

ప్రతి ఆసుపత్రికీ ఆ ఊరి భాషలో ఇలాగే రాశారు. పదకొండు వేల వరసల్లో సగం అవే. మిగిలిన మూడు ఊళ్ళ పాత ఫైళ్ళు నేను పారేశాననుకున్నాను గానీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మర్నాడే బయల్దేరతానని చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఉండు, నీ గురించీ ఉంది" అని సిస్టర్ ఫైలు చివరికి వెళ్ళింది. పక్కన తేదీ, నా వల్ల ఆయన మెట్లు దిగిన రోజుది.

"ఎప్పుడో ఒకప్పుడు నకిత్తో వస్తుంది, మొహం వేలాడేసుకుని. తనకేం కావాలో నోరు తెరిచి అడిగే రకం కాదు. మీరే అందించాలి. టీ, మూడు చెంచాల చక్కెర. తిట్టొద్దు, పిల్ల మంచిదే."

టీ వచ్చింది. చక్కెర మూడు చెంచాలే. తాగి కప్పు కింద పెట్టాను. సిస్టర్ కదలకుండా నా వైపే చూస్తోంది.

"ఏంటి సిస్టర్?"

"తెరిచావుగా. మూయి."

"టీ ముగింపు" అన్నాను.

అప్పుడు గానీ ఆవిడ కప్పు తీయలేదు.