బొట్టు పెట్టించుకున్న నోటీసు

ఇరవయ్యేళ్ల వయసులో మనిషికి ఉండే తెలివి మళ్లీ ఎన్నడూ రాదు. ఆ రోజుల్లో నాకైతే అది పొంగి పొర్లుతుండేది. వేలూరులో కాలేజీ చదువు, అంతకుముందు రెండేళ్లు చిత్తూరు హాస్టల్లో నేర్చుకున్న తెలుగు అక్షరాలు. గుడియాత్తంలో మా మగ్గాల వీధిలో ఇంటింటా మాట్లాడేది తెలుగే గానీ బడి చదువంతా అరవం. తెలుగు చదవడం వచ్చినదాన్ని వీధి మొత్తానికీ నేనొక్కదాన్నే. (ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.)

మా వార్డు ఆడవాళ్లకు కేటాయించిన ఏడాది మా మేనత్త కౌన్సిలరుగా నిలబడింది. మా వైపు ఆనవాయితీ ప్రకారం పేరు భార్యది, పెత్తనం భర్తది. పోస్టరులో ఆయన నిలువెత్తున దండం పెడుతుంటాడు, ఆమె ఓ మూల తపాలా బిళ్లంత ఉంటుంది. మా మామ కొత్త తెల్లచొక్కా కూడా కుట్టించుకున్నాడు. "నిలబడింది నేను, అడిగేదీ నేనే," అని అత్త తేల్చేసి, నోటీసు పని నాకు అప్పగించింది. ఓడిపోతే పూడిన మురుగుకాలువా, ఎప్పుడొస్తుందో తెలియని కొళాయీ మరో ఐదేళ్లు అలాగే ఉంటాయి. పైగా, ఆడవాళ్లకెందుకివన్నీ అని నవ్వడానికి ఊరంతా కాచుకుని ఉంది.

ఫొటో పెడితే మామ తల దూరుస్తాడని ఫొటో వద్దన్నాను. బొమ్మలు చిన్నపిల్లలకని అత్తకు వచ్చిన కుట్టుమిషను గుర్తూ వద్దన్నాను. అన్నీ మాటలే, అదీ గుండెకు తాకేలా మాతృభాషలో! 'మహిళా సాధికారత', 'ప్రజాస్వామ్య పునాదులు' అని దంచేసి, కాట్పాడిలో బస్సు మారి చిత్తూరు పోయి అచ్చు వేయించుకొచ్చాను. (పెళ్లిపత్రికలు వేసే చెయ్యి కదా, ప్రెస్సాయన పసుపు కాగితం తీసుకుని పైన రెండు దీపాలు తనంతట తనే వేశాడు.) అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందని మెచ్చుకుంది.

పంచుతుంటే ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని, కళ్లకద్దుకుని మరీ తీసుకున్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. మరునాడు నేనూ అత్తా ఓట్లడగడానికి మూలింటి అవ్వ దగ్గరికి వెళ్తే, నా నోటీసు దేవుడి పటం పక్కన కుంకుమబొట్టుతో కనబడింది.

"కుంభాభిషేకం ఏ గుళ్లో పాపా?" అని అవ్వ అడిగింది.

పక్కింట్లోనూ బొట్టే. ఆ పక్కింట్లో పువ్వు కూడా పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. వీధిలోకి వచ్చాక, నువ్వైనా చెప్పొచ్చు కదత్తా అని ఏడుపు గొంతుతో అన్నాను.

"నాకు మాత్రం తెలుగు చదవను వస్తాదా? అంత ఆశగా తెచ్చినావు, ఎట్ల వద్దనేదమ్మా," అంది. తిట్టినా బాగుండేది. "రాసింది నువ్వు కదా, మగ్గం మగ్గం కాడికీ పోయి నువ్వే చదువు. నేనూ వస్తాను."

పోలింగుకు ఇంక మూడు రోజులే ఉన్నాయి. మగ్గం గుంటల పక్కన చతికిలబడి చదివాను. ఆ మోతలో వినపడదు కనుక మగ్గం ఆపాలి, ఆపితే కబుర్లు మొదలు. 'సాధికారత' దగ్గరికొచ్చేసరికి అందరూ మర్యాదగా ఆవలించేవారు, ఎవరో ఒకరు కొళాయి మాటెత్తేవారు. అత్త అక్కడే కూర్చుని కాలువ ఎక్కడ పూడిందో, ఎవర్ని ఎట్లా అడగాలో విడమరచి చెప్పేది. తెలుగు, అరవం కలగాపులగంగా ఆమె మాట్లాడుతుంటే ఎవరూ ఆవలించలేదు. నా నోటీసు ఏ ఇంట్లోనూ రెండో పేరా దాటలేదు. ఆఖరి రోజు ఒకావిడ మగ్గం మీంచి తల ఎత్తకుండానే, "ఇన్నాళ్లు మా ఆయన చెప్పినోళ్లకే ఏసినాను. ఈసారి అడగనే అడగను," అంది.

పోలింగు నాడు మధ్యాహ్నానికి వీధిలో మగ్గం మోతే లేదు. ఆడవాళ్లంతా వరుసలో ఉన్నారు. మా మామ కొత్త తెల్లచొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చుని, నలుగురి పసిపిల్లల్ని ఆడిస్తున్నాడు. అత్త గెలిచింది. ఆ సాయంత్రం ఆమె కూడా ఒక నోటీసుకు బొట్టు పెట్టి పటం పక్కన పెట్టుకుంది.

మొన్న నేను వెళ్లినప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, దాన్ని తీసి మొత్తం చదవమంది. చదివాను. ఆ పెద్దపెద్ద మాటలకు చెవులు వేడెక్కాయి. అత్త కళ్లు మూసుకుని చివరిదాకా విని, "నా పేరు యాడ ఉండాది ఇందులో?" అని అడిగింది.

వెతికాను. తిప్పి చూశాను. అత్త పేరు ఎక్కడా లేదు. ప్రజాస్వామ్యం పునాదుల దాకా వెళ్లిన నేను, ఓటు ఎవరికి వేయాలో రాయడం మరిచిపోయాను.

అత్త కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, కాగితం మడిచి మళ్లీ పటం పక్కనే పెట్టింది. "ఉండనీలేమ్మా. గెలిపించిన కాగితం," అంది. తలవంచుకుని నేనూ నవ్వాను. అంత ధీమాగా చిత్తూరు బస్సెక్కిన ఆ పిల్ల మీద ఎందుకో ప్రేమ పుట్టుకొచ్చింది.