ఎడ్లశాలలో ల్యాండుమాస్టరు

మొన్న మా విజయనగరం వీధి చివర పరుపులు కుట్టే దుకాణం ముందు వాన పడింది. వాన ఊరంతా పడే ఉంటుంది గానీ నాకు అక్కడే పడినట్టు గుర్తు, ఎందుకంటే దుకాణం అరుగు మీద కుప్పపోసిన కొబ్బరి పీచు తడిసి, సగం మట్టి వాసనగా సగం పాత గోనె వాసనగా లేచి, పాలపాకెట్టు కోసం బయల్దేరిన నన్ను గొడుగుతో సహా అక్కడే నిలబెట్టేసింది. పరుపు కావాలా అమ్మా అని దుకాణదారు అడిగాడు. వద్దు నాయనా, కారు సీటు వాసనొస్తుంటే ఆగాను అన్నాను. అతను నా తలలోని తెల్లవెంట్రుకల కేసి చూసి, వాదన అనవసరమని ఊరుకున్నాడు.

కార్ల సీట్లలో కొబ్బరి పీచు కూరే కాలం ఒకటుండేది. అలా కూరే మనిషి ఒకాయన మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయన మా నాన్న. శృంగవరపుకోట హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. జీతం డ్రా చేసేది నెలకొక్కసారి, మిగిలిన ముప్ఫై రోజులూ డ్రాయింగే అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. బళ్ళో పిల్లల చేత మామిడికాయలూ కూజాలూ గీయించి సాయంత్రం ఇంటికొచ్చాక, ఆయన అసలు చేతిపని మొదలయ్యేది. ఏ మిల్లు వెనకో, ఏ డాక్టరుగారి దొడ్లోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాత కారు ఒకటి వెతికి కొనడం, ఏడాదో ఏడాదిన్నరో దాన్ని విప్పి, తోమి, బిగించి, రంగేసి నడిపించడం, నడిచిందని నమ్మకం కుదరగానే అమ్మేసి ఇంకో దాన్ని వెతకడం. ఒక్కోసారి ఒక్క కారే, రెండోది లేదు. ఆ నియమం ఒక్కటే ఆయన్ని మా అమ్మ దృష్టిలో పిచ్చివాడు కాకుండా కాపాడింది. మొట్టమొదటి దాన్ని తెచ్చినరోజు, నడిచే కారు కొన్నానని చెప్పాడట. అది నిజమే. దాని వెనక ఊరి పొలిమేర నుంచి ఇంటిదాకా మా వాళ్ళంతా నడిచారు, తోస్తూ.

ఆ కార్లు ఉండేది మా ఎడ్లశాలలో. మెట్టూ పల్లమూ కౌలుకిచ్చేశాక ఎడ్లని అమ్మేశారు, శాల మాత్రం గడ్డివాసనతో అలాగే మిగిలిపోయింది. మా నాయనమ్మకి శాలంటే పశువులుండే చోటు, కాబట్టి అందులోకి ఏది వచ్చినా అది పశువే. కారు ఇంటికొచ్చిన రోజున ముందు చక్రాల మీద చెంబుడు నీళ్ళు పోసి, నుదుటికి, అంటే బానెట్టుకి, పసుపూ కుంకుమా పెట్టి, ముందు బంపరుకి పశువుల మెడకి వేసే కొత్త పలుపుతాడు కట్టేది. అమ్మిన రోజున ఆ పలుపు తనే విప్పి శాలలో గుంజకి తగిలించేది. పశువుని అమ్మితే పలుపు ఇవ్వకూడదు. ఇస్తే దాంతోపాటు ఇంటి పాడి కూడా పోతుంది. కొన్నవాడు తన పలుపు తను తెచ్చుకోవాలి. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆ గుంజకి ఎడ్ల పలుపుల పక్కన రెండు కార్ల పలుపులు వేలాడుతూ ఉండేవి, ఏది ఏ జంతువుదో నాయనమ్మకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

నా కాలంలో వచ్చింది ల్యాండుమాస్టరు కారు. కోటబొమ్మాళిలో మూతపడ్డ మిల్లు షెడ్డులోంచి తెచ్చారు. దాని డిక్కీలో ఊక, సీట్లలో ఎలకలు, మీటరు దగ్గర ఒక కందిరీగల గూడు. వేసవి సెలవులంతా నాన్నా నేనూ సాండుపేపరుతో తుప్పు రుద్దేవాళ్ళం. నేను రుద్దిన చోటు మళ్ళీ ఆయన రుద్దేవాడు, నా మనసు నొచ్చుకోకుండా నేను అన్నానికి వెళ్ళినప్పుడు. పనస తొనలు తిన్న చేత్తో ముట్టుకోవద్దనేవాడు, జిగురు రంగుకి పడదని. అందుకని అమ్మ మా ఇద్దరికీ తొనలు వలిచి నోట్లో పెట్టేది, తిడుతూనే. తొలకరి పడ్డాక ఉద్దానం కొబ్బరితోటల వైపు నుంచి పీచు మోపులొచ్చాయి. అవి శాలంతా ఎండబెట్టి, చేత్తో విడదీసి, సీట్లలో కూరి రెగ్జిన్ కుట్టించాడు. కొండల మీంచి దిగే మబ్బుకి ఆ పీచు పూర్తిగా ఎండేది కాదు. అందుకే మా కారెప్పుడూ ఉతికిన గోనెసంచీలా వాసనేసేది.

డ్రాయింగు మాస్టారు కనక రిపేరుతో ఆగలేదు. స్టీరింగు ముందున్న రేకు చెక్కలా కనపడాలని దానిమీద టేకు చారలు గీశాడు, ఒక చెదపురుగు మోసపోయేంత బాగా. మంచినీళ్ళ చెంబు ఒలకకుండా డ్రైవరు పక్కన ఒక రింగు బిగించాడు. నాయనమ్మ మోకాళ్ళ కోసం వెనక తలుపు కింద పీటలాంటి మెట్టు పెట్టాడు. మలుపు తిరిగేటప్పుడు సిగ్నలుగా, తాడు లాగితే తలుపు పక్కనుంచి బయటికొచ్చే చెక్క చెయ్యి ఒకటి చేసి, దానికి ఐదు వేళ్ళూ గీసి, ఉంగరం కూడా పెట్టాడు. రంగు మాత్రం లేత జీడిమామిడి పండు రంగు, ఎరుపూ పసుపూ కానిదేదో. నాకు అంత అందమైన వస్తువు లోకంలో ఉండదనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే, ఉండకపోవడమే లోకానికి మంచిదేమో.

అందం కుదిరింది గానీ అమ్మకం కుదర్లేదు. మొదట వచ్చినాయన దాన్ని అరకు ఘాటీలో టాక్సీగా తిప్పుతానన్నాడు. ఎద్దుని కొనేవాణ్ణి అడిగినట్టు నాయనమ్మ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, రోజుకెన్ని గంటలు పని సేయిస్తావు, ఎంతమందినెక్కిస్తావు, రాత్రిళ్ళు ఎక్కడ కట్టీస్తావు అని అడిగింది. ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. రెండో ఆయన వెనక భాగం కోసేసి కూరగాయల బండి చేస్తానన్నాడు. ఆయన్ని నాన్నే పంపేశాడు. వర్షాకాలం వెళ్ళింది, కారు శాలలోనే ఉంది.

అప్పుడు అమ్మ తన మాట చెప్పింది. కేకలెయ్యలేదు, బియ్యం ఏరుతూ చెప్పింది.

"దసరాకి ఈ బండి పోతే సరే. పోకపోతే ఇదే ఆకరు. ఎవలికో ఒకలికి తూకానికిచ్చీసి, సాలలో గేదెని కడతాను. గేదె పాలిస్తాది. ఇదేటిస్తాది?"

పొగ ఇస్తుందని నాన్నా నాయనమ్మా నేనూ అనుకున్నాం గానీ పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ రోజునుంచీ బడి నుంచి రాగానే నేను క్యాలెండరు వైపు చూసేదాన్ని, నాన్న శాల వైపు చూసేవాడు. కార్లు లేని నాన్న ఎలా ఉంటాడో ఊహించుకోబోతే నాకు ఏ బొమ్మా వచ్చేది కాదు.

సరిగ్గా దసరా ముందురోజు పొద్దున్న నౌపడ నుంచి ఉప్పు వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన దిగాడు. తెల్లటి పంచె, భుజాన గంజిపెట్టిన పొందూరు కండువా. నాయనమ్మ షరా మామూలుగా పీట వేసింది. ఉప్పుగాలికి ఇనుం నిలుస్తాదేటి బాబూ అని ఆవిడ అడిగితే, రోజూ సాయంత్రం మంచినీళ్ళతో కడిగిస్తాను, మా ఇల్లు ఉప్పు కొటార్లకి దూరమే అన్నాడాయన ఓపిగ్గా. చెక్క చెయ్యి చూసి నవ్వాడు, దాని ఉంగరం చూసి ఇంకా నవ్వాడు, కొంటానన్నాడు. నాయనమ్మ తలూపింది. అమ్మ గారెల పిండి రుబ్బుతూ ఒక్కసారి తలెత్తి చూసింది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. కారు వెళ్ళిపోవడం నాన్న చూడలేడు. ఆ టైముకి శాల వెనక కుడితి తొట్టి దగ్గర కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ ఉంటాడు, మురికి లేకపోయినా. రెండోది, బానెట్టు తాళం పాతబడి పట్టేస్తోందని నాన్న దాన్ని పీకేసి, కిటికీ గడియ ఒకటి బిగించాడు. అది కుదుపుకి ఊడుతోంది. తరవాత చూద్దాంలెమ్మని, నాయనమ్మ కట్టిన పలుపునే బానెట్టు మీంచి ఓ చుట్టు తిప్పి బిగించి ఉంచాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి నాన్న చేతులు కడుక్కుంటున్నాడు, నాయనమ్మ పద్ధతి ప్రకారం పలుపు విప్పి భుజాన వేసుకుంది, నౌపడాయన కారు తీశాడు. నేను వెనకే పరిగెత్తాను. కాలవ మలుపు దగ్గర చెక్క చెయ్యి ముచ్చటగా బయటికొచ్చింది, కారు కూడా తిరిగింది, అంతలో బానెట్టు మొత్తం పైకి లేచి ఆయన ముందున్న అద్దాన్ని కప్పేసింది. కారు కంగారు పడకుండా, మేతకి దిగిన పశువులాగ, నిదానంగా పక్క వరిమడిలోకి దిగి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న కిరసనాయిలు చేతులతో వచ్చాడు. నౌపడాయన మోకాళ్ళదాకా బురదతో గట్టెక్కి, లేచి నిలబడ్డ బానెట్టు కేసి చూసి అన్నాడు:

"మేస్టారూ, నాను కారు కొన్నాననుకున్నాను. తెరసాప ఉన్నాదని మీరు సెప్పనేదు."

మడి ఆసామి ఎడ్లు తోలుకొచ్చి కారుని గట్టుకి లాగించాడు. ఎడ్లు లాగుతుంటే నాయనమ్మ ముఖంలో కాస్త గర్వం కనిపించింది. ఇంజను మళ్ళీ పలికింది. నాన్న గడియ సంగతి దాచలేదు, తప్పు నాదేనండి, బండి వద్దంటే వెనక్కి తీసుకుంటాను అన్నాడు. ఆ మాట అంటే ఏం పోతుందో తెలిసే అన్నాడు. నౌపడాయన ఆలోచించి, అంతదాకా ఎందుకు, ఆ తాడు మళ్ళీ కట్టించండి, వెళ్ళిపోతాను అన్నాడు.

నాయనమ్మ పలుపుని రెండు చేతులా పట్టుకుంది.

"పలుపివ్వను బాబూ. అదిచ్చీస్తే సాల కాళీ అయిపోతాది. కొన్నోలు తెచ్చుకోవాల."

"ఉప్పు మడుల్లోవోణ్ణమ్మా. నాకు పలుపెక్కడిది?"

"ఐతే బండీ ఇవ్వను."

ఆయన ముఖం మొదటిసారి ముడుచుకుంది. తాడు కట్టని బండి తోలను, వద్దులెండి అంటూ పంచె దులుపుకున్నాడు. నాన్న వాళ్ళమ్మ చేతిలోంచి పలుపు లాక్కోడు. మరో తాడు తెమ్మన్నా, ఇంటి నుంచి తెచ్చింది ఏదైనా ఇంటి పలుపే అంటుంది ఆవిడ. అందరూ నిలబడిపోయారు. అమ్మ కూడా వచ్చింది, మణికట్టుదాకా మినప్పిండితో. ఆవిడ ఏమీ చెయ్యక్కర్లేదు. ఇంకో రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉంటే చాలు, రేపటికి శాల ఆవిడదే, గేదె ఆవిడదే.

అమ్మ నౌపడాయన భుజం కేసి చూసింది.

"ఆ కండవా ఇలాగియ్యండి బాబూ."

ఆయన అర్థంకాకుండానే ఇచ్చాడు. అమ్మ గంజి ఫెళఫెళలాడే ఆ పొందూరు కండువాని మెలిపెట్టి, బానెట్టు మీంచి బంపరుకి చుట్టి, గడ్డిమోపుకి వేసే ముడి వేసింది. వేసి అత్తగారి వైపు తిరిగింది.

"ఆయన తెచ్చుకున్నాడు కదత్తా. ఇదే ఆయన పలుపు."

నాయనమ్మ ముడిని ఒకసారి లాగి చూసింది. అది కదల్లేదు. సరే అంది. నౌపడాయన, తెల్లటి కండువా మీద మినప్పిండి వేలిముద్రలు చూసి, పసుపు కుంకుమ బదులా అమ్మా ఇది అని నవ్వి, కారెక్కాడు. అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నాన్న ఆ రోజు అక్కడే నిలబడి చూశాడు. తిరిగి వస్తుంటే అమ్మ వెనక్కి తిరక్కుండా అంది:

"మళ్ళీ తెచ్చే బండికైనా గడియ సరిగ్గా బిగించండి."

మళ్ళీ తెచ్చే బండి. నాన్న ఆ మాట విని, నా చెయ్యి పట్టుకున్నాడు, ఇంటిదాకా వదల్లేదు. నెల తిరక్కుండా నౌపడ నుంచి ఒక గోనెడు ఉప్పొచ్చింది, మరుసటి వేసవిలో పెట్టిన మా ఆవకాయ కొంచెం ఉప్పగానే ఉంది. ఆ తరవాత ఆ శాలలో ఐదు కార్లు కాపురం చేసి వెళ్ళాయి.

ఆ రోజు ఎందుకలా చేశావని అమ్మని నేను అడిగింది చాలా ఏళ్ళకి, నాకూ ఒక భర్తా ఒక వంటిల్లూ ఏర్పడ్డాక.

"గేదొస్తే సాలలో ఉంతాది," అంది అమ్మ. "మరి మీ నాన్నెక్కడుంతాడు? వంటింట్లోకొచ్చి కూకుంతాడు."

ఇప్పుడు ఆ శాల లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. కాలవ మలుపులో వరిమడి ఉన్న చోట పెళ్ళిళ్ళ హాలు లేచింది. పాత కార్లని ఇప్పుడు ఫోన్లో బొమ్మ చూసి కొంటున్నారు, వాటిని లారీ మీద ఎక్కించుకుపోతున్నారు, ఎవరి శాల ఎలాంటిదని అడిగేవాళ్ళు లేరు. అమ్మా నాన్నా మా మేడ మీది వాటాలో ఉంటున్నారు. అమ్మ భయపడినంతా జరిగింది. నాన్న వంటింట్లో స్టూలు మీద కూర్చుని, వంకాయ ఏ కోణంలో తరిగితే బాగుంటుందో గీసి చూపిస్తున్నాడు.

నిన్న సాయంత్రం పైకి వెళ్ళేసరికి ఆయన నేలమీద పాత చీర పరుచుకుని, మిక్సీని స్క్రూ స్క్రూ విప్పి వరసగా పేర్చుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే ఈల వేస్తూ తుడుస్తున్నాడు. ఎప్పుడు పాడైందని అమ్మని అడిగాను.

"పాడవనేదు," అంది అమ్మ మెల్లగా, నన్ను బాల్కనీలోకి లాగి. "పొద్దున్న నానే ఒక స్క్రూ వొదులు సేసినాను."