ఐదో గేరు అడిగిన మనిషి

ఖాదర్‌వలి గేరుబాక్సుల మేస్త్రీ. ఒమాన్‌లోని అల్ సువైక్‌లో, ఖర్జూరం తోటలకు వెళ్లే దారిలో, ఒక గ్యారేజీలో పందొమ్మిదేళ్లు పనిచేశాడు. అన్నేళ్లలో ఎన్ని గేరుబాక్సులు విప్పి బిగించాడో అతనికే తెలియదు. రోడ్డు మీద మాత్రం ఒక్క బండీ నడపలేదు. లైసెన్సు లేదు. వీసా కాగితాల్లో అతను తోటపనివాడు. తోటపనివాడికి లైసెన్సు దేనికని అతన్ని రప్పించిన అర్బాబ్, అంటే గ్యారేజీ యజమాని, దానికి కావలసిన అంగీకార ఉత్తరం ఇవ్వలేదు.

బాగుచేసిన బండిని గ్యారేజీ ఆవరణలోనే అటూ ఇటూ తిప్పేవాడు. తర్వాత షరీఫ్ అనే డ్రైవరు దాన్ని రోడ్డెక్కిస్తే, ఖాదర్‌వలి పక్క సీట్లో కూర్చుని చెవి రిక్కించి వినేవాడు. విని, ఏ గేరు పన్ను అరిగిందో చెప్పేవాడు.

“యార్డ్‌లో మూడో గేరు ఏసే లోపల గోడొస్తాది సార్,” అన్నాడు నాతో మొదటిసారి కలిసినప్పుడు. అప్పుడు పకపకా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

మాది కాకినాడ. కాపురం అల్ ఖౌద్‌లో. ఒక కన్సల్టెన్సీలో ఇంజనీరుని. 2007లో ఇంగ్లండు నుంచి కిట్ కారు తెప్పించుకున్నాను. చట్రం, ఫైబర్ బాడీ, రెండు సీట్లు, ఓ పెట్టె నిండా బోల్టులు వచ్చాయి. ఇంజనూ గేరుబాక్సూ మనమే వెతుక్కుని అన్నీ ఇంట్లో బిగించుకోవాలి. షెడ్డు నిండా పరిచిన సామాను చూసి మా ఆవిడ సుగుణ, “కారుని పెట్టెల్లో కొనుక్కున్నవాళ్లని మిమ్మల్నే చూశానండీ,” అంది.

గుద్దుకుని నుజ్జయిన ఓ పికప్ నుంచి ఇంజను దొరికింది. గేరుబాక్సు కోసం వాకబు చేస్తే అందరూ ఖాదర్‌వలి పేరే చెప్పారు. శుక్రవారం నమాజు అయ్యాక వెళ్లాను. తెలుగువాడినని తెలియగానే టీ తెప్పించాడు. తాగడం అయ్యాక నా సాసరు తీసుకుని శుభ్రంగా తుడిచి, ఒక పాత బాక్సులోని నూనె నాలుగు చుక్కలు అందులో పట్టి ఎండలోకి నడిచాడు. వంచి వంచి చూశాడు. తెల్లటి సాసరులో ఇత్తడి రజను మెరిస్తే ఆ బాక్సు పనికిరాదట. అలా ఏడింటిని పక్కన పెట్టాడు. నేను కష్టపడి గీసుకెళ్లిన గేర్ల లెక్కలు, వేగాల గ్రాఫులు పెళ్లి పత్రిక చూసినట్టు చూసి, మడిచి నా చేతికే ఇచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

నాలుగో శుక్రవారం నేను వెళ్లేసరికి సాసరు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

“దొరికింది సార్. అయిదు గేర్లు. నూనె చూడండి, తేనె మాదిరి ఉండాది.”

నీకేం ఇవ్వమంటావని అడిగాను.

“కూలి వద్దు సార్. కారు అయినాంక ఒక్కసారి నా చేతికియ్యండి. రోడ్డు మీద కాదు, తోటల ఎనక బీడు నేలుంది గదా, ఆడ. అయిదో గేరు నేనే ఎయ్యల్ల. ఇన్నేండ్లు ఇనిందే గానీ ఏసింది లేదు.”

“అదెంత భాగ్యం ఖాదర్ భాయ్!” అన్నాను. మాటిచ్చాను.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పుకోవాలి. ఒమాన్‌లో లైసెన్సు కావాలంటే ముందు డ్రమ్ముల మధ్య బండి వెనక్కి తీయాలి, తర్వాత వాలు మీద ఆపి మళ్లీ కదిలించాలి. ఆ వాలు దగ్గరే మూడుసార్లు తప్పాను. క్లచ్ వదిలేసరికి ఇంజను ఆగిపోయేది. చివరికి, గేర్లు వాటంతటవే పడే బండ్లకు మాత్రమే పనికొచ్చే ఆటోమేటిక్ లైసెన్సు తీసుకుని బయటపడ్డాను. కారు పూర్తయ్యేలోగా మాన్యువల్‌ది తెచ్చుకోవచ్చులే అనుకుని నాలుగోసారి వెళ్లాను. మళ్లీ వాలు మీదే ఆగిపోయింది. ఇదంతా సుగుణకు తప్ప మరో మనిషికి తెలియదు.

“ఆయనకి ఉన్నమాట చెప్పెయ్యండి. పోయేదేముందీ?” అంది సుగుణ.

పోయేది నా పరువు. గ్రాఫులు వివరించిన నోటితో, క్లచ్ వదలడం రాదని మేస్త్రీకి ఎలా చెప్పను?

“ఆటోమేటిక్ వేద్దాం ఖాదర్ భాయ్. ఇప్పుడంతా అదే నడుస్తోంది. మాన్యువల్ పాతబడిపోయింది,” అన్నాను.

అతను గోనెసంచి కప్పి దాచిన బాక్సు వైపు చూశాడు. “మీ కారు, మీ ఇష్టం సార్.”

ఆటోమేటిక్ బాక్సు కూడా తనే వెతికాడు. షరీఫ్‌తో వచ్చి ఆరు శుక్రవారాలు మా షెడ్డులో నేలమీద పడుకుని బిగించాడు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. పొడిచినా బాగుండేది, నాకూ నోరు పెగిలేది.

2009 జనవరికి కారు తయారైంది. నంబరు కోసం వెళితే, ఇంట్లో కట్టిన కారుకు రిజిస్ట్రేషన్ కుదరదన్నారు. ఇది మొదటే కనుక్కోవలసిన సంగతి. ఇంజనీర్ని కదా, కనుక్కోలేదు! ఇక ఆ కారు రోడ్డెక్కదు. లైసెన్సు అడిగేవాళ్లు ఎదురుపడే చోటికే వెళ్లదు. ఏ కాగితం లేదని గేరుబాక్సు మార్పించానో, ఆ కాగితంతో అసలు పనే లేకపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరిలో కారుని లారీ మీద ఎక్కించి సువైక్ తీసుకెళ్లాను. తోటల వెనక బీడు దగ్గరికి ఖాదర్‌వలి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తాళం ఇచ్చి నేను పక్కన కూర్చున్నాను. అతని ఎడమకాలు అలవాటుగా లేచి, క్లచ్ కోసం తడిమి, మెల్లగా నేల మీదికి దిగింది. ఒమాన్ పద్ధతిలో స్టీరింగ్ ఎడమవైపే పెట్టాం; కుడిచేత్తో లివరు ఒక్కసారి వెనక్కి లాగాడు. దానితో ఆ చేతి పని అయిపోయింది.

కారు కదిలింది. ఎదురుగా చూస్తూనే చెవితో లెక్కపెట్టాడు.

“రెండు... మూడు... నాలుగు.”

ఆ బాక్సుకు ఉన్నవి నాలుగే. బిగించినవాడికి తెలియదా? అయినా చెయ్యి లివరు మీదే ఉంచి ఇంకాస్త దూరం పోనిచ్చాడు. తర్వాత ఆపేశాడు.

“బాగుంది సార్. మెత్తగా పోతాండాది.”

ఇక ఉండబట్టలేకపోయాను. వాలు, క్లచ్, నాలుగుసార్లు తప్పడం, అన్నీ చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చొక్కా అంచుతో స్టీరింగ్ తుడుస్తూ కూర్చున్నాడు.

“ముందే చెప్పింటే నేను నేర్పిచ్చింటి గదా సార్,” అన్నాడు. “యార్డ్‌లో రెండో గేరు దాంకా నేను నేర్పిచ్చింటి. ఆపైన ఈడికొచ్చి ఇద్దరం కలిసి నేర్చుకునింటిమి.”

“ఆ బాక్సు ఉందా ఇంకా? వచ్చే వారమే మార్చేద్దాం.”

“లేదు సార్. పోయిన నెల చేపల పికప్‌కి ఏసినా. షరీఫ్ తోలి చూసినాడు. అయిదూ నున్నగా పడతాండాయంట.”

ఇంకోటి వెతుకుదామన్నాను, సరేనన్నాడు. దొరికేలోపు ఎండలు ముదిరాయి, తగ్గాక చూద్దామనుకున్నాం. ఆగస్టులో అర్బాబ్ గ్యారేజీ మూసేసి అతన్ని సొంతూరు రాయచోటికి పంపేశాడు. వెళ్లేముందు ఫోన్ చేసి, బాక్సులో నూనె మార్చే తేదీ గుర్తుచేశాడు. అయిదో గేరు ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.