గోల తగ్గించే చుక్క

మా వీధిలో నా పేరు అప్‌డేట్ అత్తయ్య. వెనకాల పెట్టుకున్న పేరు కాదు, ముఖం మీదే పిలుస్తారు, నేనూ పలుకుతాను. బడికి వెళ్లింది అక్షరాలు గుర్తుపట్టేంతవరకే. గుణింతాలు మొదలయ్యేసరికి ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే ఉద్యోగం వచ్చింది. అయినా ఈ వీధిలో ఎవరు కొత్త ఫోను కొనాలన్నా ముందు మా గుమ్మం ఎక్కాల్సిందే. ఫోను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వెనక్కి తిప్పి, కెమెరా కళ్లను ఒకసారి నిమిరి, "ఇది వేడెక్కుతుంది" అంటాను. అన్ని ఫోన్లూ వేడెక్కుతాయి. కాబట్టి నా మాట ఇంతవరకూ తప్పలేదు.

నాకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంది. చార్జరు కన్నాన్ని ఊరికే మార్చే కంపెనీలవాళ్లకు ఇంట్లో పని చెప్పే దిక్కు లేదని నా అభిప్రాయం. ఇప్పుడు మడతపెట్టే ఫోన్లట. దుప్పటి మడతపెట్టమంటేనే ఇంట్లో ఎవరూ లేవరు, ఇక ఫోను మడతపెడతారా? ఇస్త్రీపెట్టెకు ఇంటర్నెట్ పెట్టారట, ఆపామో లేదో బయటినుంచి అడగడానికి. ఆపి బయల్దేరే బుద్ధి లేనివాళ్ల కోసం అంత చదువుకున్నవాళ్లంతా కష్టపడుతున్నారు పాపం.

ఇలా తిడతాను గానీ, అప్‌డేట్ వచ్చిందని ఎర్ర చుక్క కనిపిస్తే పొయ్యి మీద పాలు వదిలేసి మరీ నొక్కుతాను. నొక్కాక ఏది ఎక్కడికి పోయిందో తెలియక పూటంతా వెతుక్కుంటాను. ఎవరైనా చూస్తే, "కొత్త డిజైను, అలవాటు పడాలి" అంటాను. నిబంధనలన్నీ చదివారా అని ఫోను అడుగుతుంది. చదివానని నొక్కుతాను. జంకూ గొంకూ లేకుండా నేనాడే అబద్ధం అదొక్కటే.

ఇంకో గుణం కూడా ఉంది. తెర మీద ఒక గీత, దాని మీద జరిపే చుక్క కనిపిస్తే, ఆ చుక్కను చివరిదాకా లాగందే నాకు తోచదు. వెలుతురైనా అంతే, శబ్దమైనా అంతే. సగంలో ఉంచితే సగం వస్తువునే వాడుకున్నట్టు కదా. ఏదైనా సగంలో ఆపడం మా పుట్టింటివైపే లేదు.

మా ఆయన నాకు పూర్తి విరుద్ధం. ఆయనది బొత్తాల ఫోను. పని, కుట్టుమిషన్ల రిపేరు. మిషను దగ్గరికి వెళ్లగానే స్క్రూడ్రైవరు తీయరు. ఎవరినైనా నడపమని, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వింటారు. విన్నాకే విప్పుతారు. ఈమధ్య ఆ చెవులే మొరాయించాయి. "మిషన్లు మాట్లాడుతూనే ఉన్నాయే, కానీ గుసగుసలాడుతున్నాయి" అన్నారు ఒకరోజు. మలుపులో ఉన్న రెడీమేడ్ బట్టల వర్క్‌షాపు వాళ్లకూ ఈ సంగతి తెలిసిపోయింది. ఆయనకున్న పెద్ద పని అదే. అది పోతే ఇంట్లో కూర్చోవాలి. సెలవురోజున తోచక బాగున్న గోడగడియారాన్ని విప్పే మనిషి, రోజూ ఇంట్లో కూర్చుంటే ముందు గడియారం పోతుంది, తర్వాత ఆయన పోతారు. అందుకే చెవి మిషను కొనాలని పట్టుబట్టాను. ఫోనుతో నడిచేదే కావాలన్నాను. బొత్తాల ఫోనుతో అది నడవదు కాబట్టి పగ్గాలు నా ఫోనులో ఉంటాయి. అదీ నా పట్టుదలకు కారణమే, దాచడమెందుకు.

చెవి మిషన్లు అమర్చే అమ్మాయి ఆయన చెవుల్లో రెండూ పెట్టి అడిగింది. "తాతగారూ, వినపడుతోందా?"

"నీ కుర్చీకి నూనె వేయాలమ్మా" అన్నారు ఈయన.

ఆ అమ్మాయి నవ్వి నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, ఇదిగో ఈ గీత చుట్టూ ఉన్న గోలను తగ్గిస్తుంది. తాతగారికి సరిపోయేలా మధ్యలో పెట్టాను. కదపకండి, సరేనా?"

"నేనెందుకు కదుపుతానమ్మా" అన్నాను.

మెట్లు దిగేలోపే కదిపాను. చివరిదాకా.

ఆ రోజు నుంచి మా ఆయన ముఖంలో అదో శాంతి. "ఏమేవ్, ఇల్లు ఎంత హాయిగా ఉందే!" అని పొద్దునా సాయంత్రమూ అనేవారు. నేను ఊరుకుంటానా? వీధి వీధంతా చెప్పుకొచ్చాను. లోపల చిన్న బుర్ర ఉంటుందనీ, గోలేదో మాటేదో అదే తేల్చుకుని గోలను మింగేస్తుందనీ, రాబోయే రోజులన్నీ ఇలాంటివాటివేననీ.

ఇస్త్రీ బండి అబ్బాయి చొక్కా మడుస్తూ అడిగాడు. "అత్తయ్యా, మరి నీ గొంతు దేని కిందికొస్తుంది?"

"నోర్ముయ్. కాలరు మాడుతోంది చూసుకో."

ఇంతలో వర్క్‌షాపు నుంచి కబురొచ్చింది. అక్కడ యజమానురాల్ని అందరూ మేడమ్ అంటారు. పాపం ఆవిడ సూటిగానే చెప్పింది. ఒక మిషను మొరాయిస్తోంది, దాన్ని సరిచేస్తే ఎప్పటిలా పనంతా మీదే, లేకపోతే వేరే మెకానిక్‌ను పెట్టుకుంటాను అని. మా ఆయన సంచి సర్దుకున్నారు. టెక్నికల్ సహాయం అవసరమవుతుందంటూ నేనూ చెప్పులు వేసుకున్నాను.

వర్క్‌షాపులో వరసగా మిషన్లు, కింద మోకాలెత్తు గుడ్డపీలికలు. మేడమ్ సైగ చేస్తే మిగతావన్నీ ఆగాయి. ఒక అమ్మాయి ఆ పాడైన మిషను పెడల్ తొక్కింది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే మోత. నా పళ్లు జివ్వుమన్నాయి. ఈయన మాత్రం కళ్లు మూసుకుని, తల వంచి, తీరిగ్గా విని, చిరునవ్వుతో కళ్లు తెరిచారు.

"ఏం లేదమ్మా, వెన్నలా తిరుగుతోంది."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "పర్లేదు తాతగారూ. చాలాకాలం చూసిపెట్టారు. ఇక విశ్రాంతి తీసుకోండి" అని మెల్లగా చెప్పింది. ఈయనకు మాటలు ఎంతవరకు అందాయో గానీ ముఖాలు అందాయి. సంచి విప్పకుండానే భుజాన వేసుకున్నారు.

నాకు ముందు వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఆ కంపెనీకి రేటింగులో ఒక్కటే స్టారు ఇచ్చి ఏకిపారెయ్యాలని. తిట్లు కూడా వరసగా పేర్చుకున్నాను. అప్పుడు తట్టింది. చెవిలోని బుర్రకు మిషను మోత కంటే పెద్ద గోల ఏముంటుంది? మింగెయ్యమని చివరిదాకా లాగి చెప్పింది ఎవరు?

వెంటనే ఒప్పుకునేదాన్నయితే నేనెందుకవుతాను! కొంగు చాటున ఫోను తీసి, ఎవరూ చూడకుండా చుక్క వెనక్కి జరిపేద్దామనుకున్నాను. యాప్ తెరిచాను. అప్‌డేట్ చేస్తే తప్ప లోపలికి రానివ్వనంది. గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఈయనేమో గుమ్మం దాకా వెళ్లిపోయారు. జన్మలో మొదటిసారి అప్‌డేట్‌ను నోరారా తిట్టుకున్నాను.

"ఆగండీ!" అని అరిచాను. నా అరుపు ఈయనకు వినపడలేదు. మిగతా వర్క్‌షాపు మొత్తానికీ వినపడింది. పరుగెత్తి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను.

"మేడమ్, తప్పు ఆయన చెవుల్లో లేదు. నా వేలిలో ఉంది. కదపొద్దన్న దాన్ని కదిపాను. ఇది తిరగడం ఆగేదాకా ఓపిక పట్టండి."

అందరూ నా ఫోను చుట్టూ మూగారు. అది తిరుగుతూనే ఉంది. "మామ్మగారూ, అందరికీ చెప్పే అప్‌డేట్ అత్తయ్య మీరేనా?" అని ఒక పిల్ల అడిగింది. అవునన్నాను. ఆ పేరు అంత బరువుగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

చివరికి యాప్ తెరుచుకుంది. కొత్త డిజైను. గీత ఎక్కడికో పోయింది. ఇందాక ముందుగా కిసుక్కున నవ్విన పిల్లే వచ్చి వెతికి పెట్టింది. చుక్కను మధ్యకు జరిపి, మిషను తొక్కమన్నాను.

ఈయన ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకున్నారు. "ఆపవే తల్లీ! ఎవరే దీన్ని ఇలా చంపుతున్నదీ!"

అప్పుడు సంచి తెరుచుకుంది. బట్టను ముందుకు జరిపే పళ్లుంటాయి కదా సూది కింద, వాటి మర వదులై పైరేకుకు కొట్టుకుంటోందట. బిగించి, నూనె చుక్క వేసి, "ఇప్పుడు తొక్కు" అన్నారు. మోత పోయింది. మేడమ్ కాసేపు విని, "రేపు పక్క వరస కూడా చూడండి తాతగారూ" అంది. నా వైపు తిరిగి, "ఫోను మాత్రం ఇంట్లో పెట్టి రండమ్మా" అంది. తలూపాను.

ఇల్లు చేరాక ఈయన, "నాకూ ఓ టచ్ ఫోను చూడు" అన్నారు. నా జన్మ ధన్యమైపోయింది. ఇన్నాళ్లకు మా ఆయన దారికొచ్చారు! మంచి ఫోను ఎంచి, యాప్ ఎక్కించి, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పబోయాను.

"అవన్నీ నాకెందుకే. ఆ చుక్క ఎక్కడుందో చూపించు చాలు" అన్నారు.

చూపించాను. ఇల్లు హాయిగా ఉందని ఆయన ఎందుకన్నారో తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. నేనెప్పుడూ మిక్సీ తిరుగుతుండగానే సంసారం సంగతులన్నీ మాట్లాడతాను. ఆ రోజుల్లో చెవిలోని బుర్ర మిక్సీతోపాటు నన్నూ మింగేసిందన్నమాట.

ఇప్పుడు వర్క్‌షాపుకు వెళ్లేటప్పుడు ఆయన చుక్క మధ్యలో ఉంటుంది. ఇంటికొచ్చాక నేను మాట అందుకోగానే ఆయన బొటనవేలు జేబులోని ఫోను వైపు కదులుతుంది. కదలగానే నేను మాటను సగంలో ఆపేస్తున్నాను.