బ్రాకెట్ బయట నిలబడిన కాల్షియం

మొన్న మా బడి గోడలకు వెల్ల వేయడానికి డ్రమ్ములో సున్నపురాళ్ళు పోసి నీళ్ళు కుమ్మరించారు. రాళ్ళు బుసబుసమని ఉడికాయి. ఆ వేడి వాసన కిటికీలోంచి వచ్చేసరికి, ఆదోనిలో తొమ్మిదో తరగతికి రసాయన శాస్త్రం చెబుతున్న నేను కాసేపు ఆగిపోయాను. ఆ వాసన వస్తే చిన్నప్పుడు నాకు సైన్స్ చెప్పిన సుగుణ టీచర్ గుర్తొస్తారు.

మా తాతకు ఇదే ఊళ్ళో పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది. అది చేజారాక ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య రెండు గదుల అద్దె ఇంటికి చేరాము. నన్ను సర్కారు బడిలో వేశారు. మధ్యాహ్నం పిల్లలంతా వరుసల్లో కూర్చొని బడి అన్నం తినేవారు. నేను కొళాయి పక్కన, గోడకు ఆనుకోకుండా నిటారుగా నిలబడేవాణ్ణి. "పెట్టిన ఇల్లు మనది. ఎవరి ముందరా పళ్ళెం చాపొద్దు నాయనా" అని మా అవ్వ చెప్పింది. పొద్దున తాగిన గంజి ఎప్పుడో అరిగిపోయేది. మధ్యాహ్నం పాఠాలు తలకెక్కేవి కావు. చదువు సాగకపోతే పత్తి మండీలో బస్తాలు మోయాల్సిందే. అది తెలిసినా అలాగే నిలబడ్డాను. సుగుణ టీచర్ వాళ్ళమ్మ ఒకప్పుడు మా మిల్లులో పత్తి ఏరిన కూలి. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఒకరోజు అక్కడా బడికి వెల్ల వేస్తున్నారు. టీచర్ బోర్డు మీద Ca(OH)₂ అని సున్నం ఫార్ములా రాసి నన్ను లేపారు. "పరమాణువులు యేవి ఎన్ని ఉండాయో సెప్పప్పా."

"కాల్షియానికి అంకె లేదు మేడం. ఆక్సిజన్ ఒకటి, హైడ్రోజన్ రెండు."

"రెండూ హైడ్రోజన్‌కే యెందుకు?"

"అంకె పక్కన ఉండేది అదే కదా. మా తాత పంక్తిలో కూడా పెద్దాయన పక్కన కూర్చున్నోళ్ళకే మారు నెయ్యి వేసేవారు."

"మీ పంక్తి సంగతి మా అమ్మ సెప్పింది లేప్పా" అన్నారు టీచర్ తాపీగా. "ఈడ అట్ల కుదరదు. అంకె బ్రాకెట్ బయట ఉంటే లోపలుండే అందరికీ వడ్డించాల. ఆక్సిజన్ రెండు, హైడ్రోజన్ రెండు. కాల్షియానికి అంకె లేదంటే అది లేనట్టు కాదు, ఒకటి ఉన్నట్టు. కానీ అది బయట నిలబడింది. ఆ రెండు దానికి అందదు."

అన్నం గంట కొట్టారు. రోజూ స్టాఫ్ రూములో క్యారియర్ విప్పుకొనే టీచర్ ఆ రోజు పళ్ళెం పట్టుకొని వచ్చి పిల్లల వరుసలో కూర్చున్నారు. కొంచెం జరిగి పక్కన చోటు చేశారు.

"ఏమప్పా కాల్షియం, ఈడికి రా."

పిల్లలు నవ్వారు. "నాకు ఆకలి లేదు మేడం."

"ఆకలి సంగతి యెవరడిగినారు? పక్కన మనిషి లేకుంటే నాకు ముద్ద దిగదు. మీ మిల్లు కాడ పండగకి అన్నం పెడితే మా అమ్మ తినింది, నేనూ తిన్యాను. తల వంచుకొని తిన్లేదు. నువ్వూ వంచొద్దు."

కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. వెళ్ళి కూర్చున్నాను, వీపు వంచకుండానే. అన్నం, సాంబారు, ఉడికించిన గుడ్డు పెట్టారు. టీచర్ నా వైపు చూడలేదు. అవతలి పక్క పిల్లను, Ca(NO₃)₂లో ఆక్సిజన్లు ఎన్నని అడుగుతున్నారు. "మూడు" అందా పిల్ల.

"ఆరు" అన్నాను, నోట్లో ముద్దతోనే. "లోపల మూడు, బయట రెండు."

"కూర్చున్నాక లెక్క బాగానే వస్తాంది" అన్నారామె.

బడిలో అన్నం తిన్నానని సాయంత్రం నేనే అవ్వకు చెప్పాను. అవ్వ చేతిలోని పని పక్కన పెట్టింది. తర్వాత, "ఆ టీచరమ్మ కూడా పళ్ళెం చాపిందా?" అని అడిగింది. చాపిందన్నాను. మర్నాటి నుంచి నా పుస్తకాల సంచిలో అవ్వ ఒక స్టీలు పళ్ళెం పెట్టేది. మా పాత ఇంటిది, అంచున తాత పేరు చెక్కినది.

మా ఇంటి పేరును నేనెప్పుడూ తక్కువ చేసుకోలేదు, ఇప్పుడూ చేసుకోను. మొన్న పాఠం ముగించి, ఆ పళ్ళెంతోనే నా తరగతి పిల్లల వరుసలో కూర్చున్నాను. గరిటె దగ్గరికి వచ్చినప్పుడు నడుము వంచలేదు. పళ్ళెం మాత్రం చాపాను.